ఎక్స్ఛేంజి సెమిస్టరు: విదేశంలో చదివిన ఆరు నెలలు మన డిగ్రీలో లెక్కకు రావాలంటే ఏమి చేయాలి?

పలాస_జీడితోట
3 జూన్ 2025

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. విజయనగరం జిల్లాలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ బ్రాంచి రెండవ సంవత్సరం పరీక్షలు ఇప్పుడే పూర్తి చేశాను. మా కళాశాలకు జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఒక విద్యాసంస్థతో ఒప్పందం ఉన్నది. ఏటా ఇద్దరు విద్యార్థులు అక్కడ ఒక సెమిస్టరు చదివి రావచ్చు. ఈసారి ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. ట్యూషన్ ఫీజు కట్టనక్కరలేదు గాని ప్రయాణం, బస, భోజనం మేమే చూసుకోవాలి. అక్టోబరు మొదటి వారంలో వెళ్ళి, ఫిబ్రవరిలో పరీక్షలు రాసి రావాలి. సమ్మతి పత్రం ఇవ్వడానికి జూన్ 20 వరకు గడువు ఉన్నది.

మా నాన్నగారు జీడిపిక్కలు కొని, పప్పు తీయించి అమ్మే చిన్న వ్యాపారి. ఆయన వద్దని అనలేదు. కానీ రాత్రి భోజనాల దగ్గర రెండు మాటలు అడిగారు: "ఆరు నెలల చదువుకు ఆరు లక్షలు పెడితే, తిరిగి వచ్చాక ఆ చదువు ఇక్కడ ఎవరైనా లెక్కలోకి తీసుకొంటారా అమ్మా? లేక మళ్ళీ మొదటినుండి రాయమంటారా?" రెండింటికీ నా దగ్గర జవాబు లేకపోయింది. కళాశాలలో అడిగితే "అంతా సర్దుబాటు అవుతుంది" అన్నారే తప్ప, ఎలాగో ఎవరూ చెప్పలేదు.

నేను ఎందుకు వెళ్ళాలనుకొంటున్నానో కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఊరి మీదుగా వెళ్ళినప్పుడు నేను ఎనిమిదవ తరగతి. తెల్లారేసరికి మా తాతగారి కాలంనాటి జీడిచెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. ఆ తరువాత వంశధార వరదలు కూడా చూశాను. నీటి గురించి, వరదల గురించి చదవాలన్నది అప్పటి కోరిక. అక్కడి పాఠ్యాంశాల జాబితాలో వరద నిర్వహణ, నదీ జలశాస్త్రం ఆంగ్ల మాధ్యమంలోనే ఉన్నాయి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.


చీపురుపల్లి_కూడలి
3 జూన్ 2025

అమ్మా, నిరుత్సాహపరచాలని రాయడం లేదు. మీ నాన్నగారి ప్రశ్న సరైనది. ఆరు లక్షలంటే మన జిల్లాల్లో ఒక మధ్యతరగతి కుటుంబం రెండు మూడేళ్ళు కూడబెట్టుకొనే మొత్తం. అదే సొమ్మును నాలుగో సంవత్సరం తరువాత పూర్తిస్థాయి మాస్టర్స్ డిగ్రీకి ఉంచుకొంటే చేతికి ఒక పట్టా వస్తుంది. ఈ ఒక్క సెమిస్టరుకు వచ్చేది ఒక మార్కుల కాగితం మాత్రమే.

పైగా మన కళాశాలల్లో ప్రాంగణ నియామకాలు సాధారణంగా ఏడవ సెమిస్టరులో మొదలవుతాయి. ఆ సమయంలో రికార్డులో ఒక్క సబ్జెక్టు అసంపూర్తిగా కనిపించినా చాలా కంపెనీలు పరీక్షకు కూర్చోనివ్వవు. మా అన్నగారి అబ్బాయి విషయంలో కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను. బాగా ఆలోచించుకోండి.


బొబ్బిలి_వీణ
4 జూన్ 2025

చెల్లెమ్మా, నేను వెళ్ళి వచ్చినవాణ్ణి. మెకానికల్ మూడవ సంవత్సరంలో, 2022 అక్టోబరు నుండి 2023 మార్చి వరకు లీప్‌జిగ్‌లో ఉన్నాను. మీరు వెళ్ళబోయే డ్రెస్డెన్ అక్కడికి రైలులో గంట పైచిలుకు దూరం. చీపురుపల్లి వారు రాసిన భయం నిరాధారమైనది కాదు. అది సరిగ్గా నాకే జరిగింది కాబట్టి ముందు దానినే రాస్తాను.

మార్చిలో తిరిగి రాగానే అక్కడి మార్కుల పత్రాన్ని మా కళాశాల పరీక్షల విభాగంలో ఇచ్చాను. దాన్ని తీసుకొన్న ఉద్యోగి అటూ ఇటూ తిప్పి చూసి, ఒక సబ్జెక్టు ఎదుట ఉన్న 1.7 మీద వేలు పెట్టి, "బాబూ, పదికి రెండు కూడా రాలేదు, ఇది తప్పినట్టే కదా" అన్నారు. జర్మనీలో 1.0 అత్యుత్తమమైన గ్రేడు, 4.0 ఉత్తీర్ణతకు చివరి హద్దు, 5.0 వస్తే తప్పినట్టు. అంకె తగ్గేకొద్దీ ప్రతిభ పెరిగినట్టు. నేను వివరించాను, ఆయన ఓపికగా విన్నారు కూడా. కానీ "ఇలా మార్చవచ్చునని పై నుండి కాగితం ఉంటే తప్ప కంప్యూటరులో ఎక్కించలేను" అన్నారు. ఆయన తప్పు ఏమీ లేదు, ఆ కాగితం నిజంగానే లేదు. నేను వెళ్ళే ముందు విభాగాధిపతిగారు నోటిమాటగా సరే అన్నారు. ఆయన మధ్యలో వేరే కళాశాలకు మారిపోయారు. తరువాత వచ్చినవారికి నా సంగతే తెలియదు.

పది నెలలు కాళ్ళరిగేలా తిరిగాను. 2024 జనవరి వరకు నా అయిదవ సెమిస్టరు రికార్డులో అయిదు సబ్జెక్టుల ఎదుట "గైర్హాజరు" అనే ఉండిపోయింది. 2023 ఆగస్టులో నియామకాలు మొదలైనప్పుడు నన్ను మూడు కంపెనీల జాబితా నుండి తీసివేశారు. మా అమ్మ ఆ రోజుల్లో ఇంటికి వచ్చిన చుట్టాలతో నా చదువు ఊసే ఎత్తేది కాదు. చివరికి నేను ప్రాంగణం బయట ప్రయత్నించి విశాఖపట్నంలో ఉద్యోగం తెచ్చుకొన్నాను.

ఇంత జరిగినా నేను మీకు వెళ్ళమనే చెబుతున్నాను. అయితే విమానం టిక్కెట్టు కొనకముందే కాగితం చేతిలో ఉండాలి. మీరు అక్కడ చదివే ప్రతి సబ్జెక్టు ఇక్కడ ఏ సబ్జెక్టుకు బదులుగా లెక్కవేస్తారో, ఎన్ని క్రెడిట్లు (సబ్జెక్టు బరువును బట్టి ఇచ్చే పాయింట్లు) ఇస్తారో, గ్రేడును ఏ సూత్రంతో మారుస్తారో రాసి, దానిమీద విభాగాధిపతి, పరీక్షల నియంత్రణాధికారి, ప్రిన్సిపాలు ముగ్గురి సంతకాలు, తేదీ, ముద్ర ఉండాలి. ముగ్గురిలో ఒకరు మారిపోయినా మిగిలిన ఇద్దరి సంతకాలు నిలుస్తాయి.


పలాస_జీడితోట
4 జూన్ 2025

అన్నయ్యగారూ, మీరు రాసినది నాన్నగారికి చదివి వినిపించాను. "ఆ అబ్బాయి ఉన్నదున్నట్టు చెప్పాడు" అన్నారు. మాకు ఇచ్చిన ఒప్పంద పత్రంలో "క్రెడిట్ల బదిలీ పరస్పర అంగీకారంతో జరుగుతుంది" అనే ఒక్క వాక్యం ఉన్నది. అది సరిపోతుందా? ఇంకొక సందేహం: మా అయిదవ సెమిస్టరు జూలైలో మొదలై నవంబరులో ముగుస్తుంది, ఆరవది డిసెంబరులో మొదలవుతుంది. అక్కడి చదువు అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు. అంటే నేను ఇక్కడ రెండు సెమిస్టర్లకూ దూరమవుతానా?


గంటస్తంభం
5 జూన్ 2025

అమ్మాయీ, నేను విజయనగరంలో ఇరవై రెండేళ్ళుగా ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. అందులో ఆరేళ్ళు అకడమిక్ వ్యవహారాలు కూడా చూశాను. నీ రెండవ ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనది. చాలామంది ఆ ప్రశ్న వేసుకోకుండానే బయలుదేరతారు.

జర్మనీలో చాలా విశ్వవిద్యాలయాలకు శీతాకాల సెమిస్టరు అక్టోబరు 1 నుండి మార్చి 31 వరకు, వేసవి సెమిస్టరు ఏప్రిల్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు. పాఠాలు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి తొలి వారాల్లో ముగుస్తాయి, ఆపైన పరీక్షలు. ఏ సెమిస్టరు ఎంచుకొన్నా అది మన రెండు సెమిస్టర్ల మీదా కాలు వేస్తుంది. దక్షిణ కొరియాలో సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు ఒకటి, మార్చి నుండి జూన్ వరకు ఒకటి. అవి మన క్యాలెండరుకు కొంత దగ్గర. ఫిన్లాండులో శరత్కాల సెమిస్టరు డిసెంబరులో ముగుస్తుంది. నీకు వచ్చిన అవకాశం జర్మనీ కాబట్టి దాన్ని ఎలా సర్దుకోవాలో చూద్దాం.

మా విద్యార్థి ఒకరికి మేము ఇలా చేశాము. జూలై నుండి సెప్టెంబరు వరకు ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేయించి, ఆ క్రెడిట్లు ముందుగానే పూర్తి చేయించాము. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు విదేశంలో చదివినది మొత్తం అయిదవ సెమిస్టరుగా లెక్కించాము. ఆరవ సెమిస్టరులో రెండు సబ్జెక్టులను కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన 'స్వయం'లో జనవరిలో మొదలయ్యే కోర్సులతో భర్తీ చేశాము. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2021 నిబంధనల ప్రకారం ఒక కార్యక్రమంలో 40 శాతం వరకు క్రెడిట్లను స్వయం ద్వారా పొందేందుకు వీలున్నది. ఆ పాఠాలు ఎక్కడ ఉన్నా వినవచ్చు, పరీక్ష మాత్రం తిరిగి వచ్చాక వేసవిలో ఇక్కడి కేంద్రంలో రాయాలి. మిగిలిన సబ్జెక్టులకు మార్చి మొదటి వారం నుండి హాజరై, ప్రయోగశాల పనిని ఆదివారాలు కూడా వచ్చి పూర్తి చేసింది ఆ అమ్మాయి. కష్టపడింది, కానీ ఒక్క నెల కూడా నష్టపోలేదు. 75 శాతం హాజరు నిబంధన ఉన్నది కదా, అందుకే ఆమె విదేశంలో ఉన్న రోజులను హాజరుగా పరిగణించాలని అకడమిక్ కౌన్సిలులో ముందే తీర్మానం చేయించాము. నీకు ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తున్నట్లయితే ఈ తీర్మానం ప్రతి ఒకటి సంక్షేమ శాఖ కార్యాలయంలో కూడా ఇచ్చి, రసీదు తీసుకో.

ఇక క్రెడిట్ల లెక్క. ఐరోపాలో ఈ.సి.టి.ఎస్. అనే క్రెడిట్ల పద్ధతి ఉన్నది. ఏడాదికి 60, సెమిస్టరుకు 30. ఒక్కొక్క క్రెడిట్ విద్యార్థి చేసే 25 నుండి 30 గంటల పనికి సమానం. పాఠం విన్న గంటలే గాక, ఇంటి దగ్గర చదివినవి, అభ్యాసాలు చేసినవి అన్నీ అందులోకే వస్తాయి. మన బీటెక్ సాధారణంగా 160 క్రెడిట్లు, ఎనిమిది సెమిస్టర్లకు పంచితే సగటున 20. కాబట్టి అక్కడి 30 ఇక్కడి 20కి సరి, అంటే మూడుకు రెండు. అక్కడ 5 క్రెడిట్ల సబ్జెక్టు ఇక్కడి 3 క్రెడిట్ల సబ్జెక్టుకు బదులుగా నిలుస్తుంది. విదేశీ సంస్థలతో కలిసి కొంత ఇక్కడ, కొంత అక్కడ చదివించే ట్వినింగ్ కార్యక్రమాలకు యూజీసీ 2022లో పెట్టిన హద్దు మొత్తం క్రెడిట్లలో 30 శాతం. నీది ట్వినింగ్ కాకపోయినా, ఎవరైనా ఆ నిబంధన చూపించి అడ్డుచెబితే, 160లో 20 అంటే పన్నెండున్నర శాతమేనని మర్యాదగా చెప్పు.

గ్రేడు మార్పిడికి జర్మనీవారు వాడే సూత్రాన్నే వెనుకనుండి వేసుకోవచ్చు. మనకు గరిష్ఠం 10, ఉత్తీర్ణతకు కనీసం 5 అనుకొంటే, బొబ్బిలి వారి 1.7 మన పదికి సుమారు 8.8 అవుతుంది. తప్పినట్టు రాయబోయిన గ్రేడు నిజానికి ఎంత మంచిదో చూడండి. అది చదివినప్పుడు ఒక ఉపాధ్యాయుడిగా నాకు చాలా బాధ కలిగింది.

"పరస్పర అంగీకారంతో" అన్న ఆ ఒక్క వాక్యం సరిపోదు. పేరు పేరునా సబ్జెక్టుల పట్టిక కావాలి. ఐరోపాలో ఎరాస్మస్ కార్యక్రమం 1987లో మొదలైంది. అందులో విద్యార్థి, పంపే సంస్థ, చేర్చుకొనే సంస్థ ముగ్గురూ సంతకాలు చేసే అభ్యసన ఒప్పందం తప్పనిసరి. మీది ఎరాస్మస్ కాకపోయినా ఆ నమూనానే తీసుకొని నింపమని అడుగు. అవతలివారికి అది చిరపరిచితమైన కాగితం, వెంటనే సంతకం చేస్తారు.


సిక్కోలు_ఖాతా
6 జూన్ 2025

నేను శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగిని. డబ్బు విషయం నేను రాస్తాను.

జర్మనీ విద్యార్థి వీసాకు బ్లాక్డ్ ఖాతా అడుగుతారు. ప్రస్తుతం నెలకు 992 యూరోల లెక్క, ఏడాదికి 11,904. ఆరు నెలలకు 5,952 యూరోలు. యూరోకు వంద రూపాయలు వేసుకొంటే దాదాపు 6 లక్షలు. మీ నాన్నగారు చెప్పిన అంకె ఇదే అయి ఉంటుంది. ఈ మొత్తం ఎవరికో కట్టే రుసుము కాదు. అది మీ పేరునే ఉండి, మీరు అక్కడికి చేరాక నెలనెలా 992 చొప్పున మీ చేతికే వస్తుంది. విద్యార్థి వసతి గృహంలో గది దొరికి, వంట చేసుకొంటే కొంత మిగులుతుంది కూడా. ఆరోగ్య బీమా తప్పనిసరి. ముప్పై ఏళ్ళలోపు విద్యార్థులకు అది నెలకు 140 యూరోల పైచిలుకు, దాన్ని కూడా ఈ 992 లోనుండే కట్టుకోవాలి. ట్యూషన్ లేకపోయినా సెమిస్టరు రుసుము అని ఒకటి ఉంటుంది, మీకు అది మినహాయింపా కాదా అని ముందే రాసి అడగండి. వీసా రుసుము 75 యూరోలు, విమానం టిక్కెట్టు వేరు.

ఒక జాగ్రత్త. బ్లాక్డ్ ఖాతా నుండి మొదటి వాయిదా దిగిన రోజే రాదు. ముందు నివాసం నమోదు చేయించుకోవాలి, ఆపైన అక్కడి బ్యాంకులో ఖాతా తెరవాలి. మొదటి నెల ఖర్చు విడిగా దగ్గర ఉండాలి. బంగారం తాకట్టు పెట్టి ఈ మొదటి నెల సొమ్ము తెచ్చినవారిని చూశాను. కొద్ది నెలల ముందు మొదలుపెడితే ఆ అవసరం రాదు.

విద్యారుణం విషయానికి వస్తే, బ్యాంకుల నమూనా పథకంలో 4 లక్షల వరకు హామీ ఆస్తి అడగరు. కోర్సు పూర్తిచేయడానికి అవసరమైన అధ్యయన యాత్రలు, ప్రాజెక్టు వంటి ఖర్చులకు కూడా ఆ పథకంలో చోటున్నది. మీ బీటెక్ మీద ఇప్పటికే రుణం ఉంటే, ఈ సెమిస్టరు కోర్సులో భాగమేనని కళాశాల ఇచ్చే ధ్రువపత్రం జతచేసి పెంపు అడగండి. గంటస్తంభం మాస్టారు చెప్పిన తీర్మానం ఇక్కడ కూడా పనికివస్తుంది. 2025 ఏప్రిల్ నుండి విదేశాలకు పంపే సొమ్ము ఆర్థిక సంవత్సరానికి 10 లక్షలు దాటితేనే మూలంలో పన్ను వసూలు ఉంటుంది, బ్యాంకు రుణంతో చదువుకు పంపితే అదీ లేదు. కాబట్టి మీ 6 లక్షల మీద ఆ బెంగ అక్కరలేదు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకి మాత్రమే, బీటెక్ మధ్యలో వెళ్ళేవారికి వర్తించదు. దానికోసం తిరగకండి.

పాస్‌పోర్టు లేకపోతే ఈ వారమే దరఖాస్తు చేయండి. శ్రీకాకుళం తపాలా కార్యాలయంలోని సేవా కేంద్రంలోనే పని జరుగుతుంది, సాధారణ రుసుము 1,500 రూపాయలు.


ఆమదాలవలస_రైల్వే
7 జూన్ 2025

నేను రైల్వే ఉద్యోగిని. మా అమ్మాయి క్రిందటేడు దక్షిణ కొరియాలో ఒక సెమిస్టరు చదివి వచ్చింది. ఇది మీ నాన్నగారికోసం రాస్తున్నాను.

అయ్యా, ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం పంపడం గురించి మీరు పైకి అనకపోయినా లోపల ఉంటుందని నాకు తెలుసు. మా ఇంట్లో ఆ నెల రోజులూ ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోను చేయమని షరతు పెట్టాను. కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందు, అంటే ఆ పిల్లకు అర్ధరాత్రి పన్నెండున్నర. రెండు వారాలు ఒక్క మాట అనకుండా మేలుకొని చేసింది. ఆ సంగతి వాళ్ళ అమ్మ కనిపెట్టి నన్ను కోప్పడితే, అప్పటినుండి నేను సాయంత్రం అయిదింటికి, డ్యూటీ మధ్యలో, ప్లాట్‌ఫారం చివర నిలబడి మాట్లాడేవాణ్ణి. మీకు జర్మనీ మనకంటే శీతాకాలంలో నాలుగున్నర గంటలు వెనుక. మీ రాత్రి తొమ్మిది అమ్మాయికి సాయంత్రం నాలుగున్నర, ఇబ్బంది ఉండదు.

తిండి గురించి చాలా దిగులుపడ్డాము. చోడిపిండి, ఇంగువ, కందిపొడి అన్నీ కట్టాము. మొదటి ఆదివారం అక్కడి బజారుకు వెళ్ళి ఒక ఫోటో పంపింది. రాశులు రాశులుగా ఎండు నెత్తళ్ళు! మన కళింగపట్నం వైపు సంతలో ఎలా పోసి అమ్ముతారో అలాగే. వాళ్ళు వాటిని తీపి కారంగా వేపుకొని అన్నంలో తింటారట. ఆ ఫోటో చూశాక వాళ్ళ అమ్మకు గుండె కుదుటపడింది. దూరం దేశమైనా మన తిండి తినేవాళ్ళే ఉన్నారు అన్నది.

పంపే ముందు నేను తెలుసుకోవలసి ఉండి తెలుసుకోని విషయం ఒకటి: గది. విద్యాసంస్థ వసతి గృహంలో గది ఖాయమైన ఉత్తరం రాకుండా టిక్కెట్టు కొనకండి. మా అమ్మాయికి పదకొండు రోజులు ఆలస్యమైంది. ఆ పదకొండు రోజులు ఒక అద్దె గదిలో ఉండవలసి వచ్చింది. డబ్బు పోయింది, మాకు నిద్ర కూడా పోయింది.


చీపురుపల్లి_కూడలి
7 జూన్ 2025

గంటస్తంభం మాస్టారి వివరణ తరువాత నా అభిప్రాయం కొంత మారింది. వెళ్ళేది అయిదవ సెమిస్టరు కాబట్టి నియామకాలకు అడ్డురాదని ఒప్పుకొంటున్నాను. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉన్నది. బొబ్బిలి వారూ, పది నెలలు తిరిగారు, మూడు కంపెనీలు పోయాయి. మరి అంత నష్టపోయాక కూడా వెళ్ళమని ఎందుకు అంటున్నారు? అక్కడ ఇక్కడ దొరకనిది ఏమి దొరికింది?


బొబ్బిలి_వీణ
8 జూన్ 2025

న్యాయమైన ప్రశ్న. రెండు విషయాలు చెబుతాను.

మొదటి రోజు తొమ్మిది గంటల తరగతికి పది నిమిషాల ముందే వెళ్ళి కూర్చొన్నాను. ఎవరూ లేరు. పాఠాల పట్టికలో గంట పక్కన రెండు చిన్న అక్షరాలు ఉంటే పావుగంట ఆలస్యంగా మొదలని అర్థమట, అది వారి పాత సంప్రదాయం. సరిగ్గా తొమ్మిదింపావుకు ఆచార్యులవారు వచ్చారు. హాజరు పిలవలేదు, ఆ సెమిస్టరంతా ఆయన ఒక్కసారి కూడా పిలవలేదు. పాఠం ముగియగానే అందరూ పిడికిలి కణుపులతో బల్లమీద తట్టారు. అది ఆచార్యులకు కృతజ్ఞత చెప్పే పద్ధతి. అంతర్గత మార్కులు లేవు, చాలా సబ్జెక్టులకు చివర ఒక్క పరీక్షే, గ్రేడంతా దానిమీదే. పరీక్షకు కూడా ఎవరికి వారు గడువులోగా విడిగా పేరు నమోదు చేసుకోవాలి. చెల్లెమ్మా, ఈ మాట రాసి గోడకు అంటించుకో, ఆ గడువు దాటితే సెమిస్టరంతా చదివినా పరీక్ష రాయనివ్వరు. నన్ను ఎవరూ తరమడం లేదు, ఎవరూ గుర్తుచేయడం లేదు. నవంబరు నెలాఖరుకు సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంటే, గ్రంథాలయంలో కూర్చొని, ఈ సబ్జెక్టు నాకు నిజంగా వచ్చా రాదా అని నన్ను నేను అడుగుకోవడం మొదటిసారి నేర్చుకొన్నాను. అంతకుముందు నేను ఇన్విజిలేటరుకోసం, హాజరుకోసం చదివాను.

రెండవది మీకు సంబంధించినది. ఒక శనివారం డ్రెస్డెన్ చూడటానికి వెళ్ళాను. 2002 ఆగస్టులో ఎల్బే నది అక్కడ 9.40 మీటర్ల ఎత్తుకు చేరి ఊరిని ముంచింది. ఆ నీరు ఎంతవరకు వచ్చిందో భవనాల గోడలమీద గీతలు గీసి, పక్కన సంవత్సరం రాసి పెట్టారు. ఒక గీత నా తలకంటే పైన ఉన్నది. చిన్నప్పుడు మా మేనత్తగారి ఊళ్ళో నాగావళి వరద నీరు వారి అరుగు మీద ఎంతవరకు వచ్చిందో మామయ్యగారు బొగ్గుతో గీత గీసి చూపించేవారు. తరువాత సున్నం వేసినప్పుడు అది పోయింది. అక్కడ ఆ గీతను చెరపకుండా ఉంచి, దానినే కొలతగా తీసుకొని పిల్లలకు పాఠం చెబుతున్నారు. నీటి గురించి చదవాలనుకొనే అమ్మాయి ఆ గోడ దగ్గర నిలబడవలసిందే.


పలాస_జీడితోట
18 జూన్ 2025

అందరికీ పేరు పేరునా నమస్కారాలు. ఈ పది రోజుల్లో జరిగినది రాస్తున్నాను.

అభ్యసన ఒప్పందం నమూనా తీసుకొని, అక్కడి ఆరు సబ్జెక్టులు, ఇక్కడి ఆరు సబ్జెక్టులు రెండు వరుసలుగా వేసి, ప్రతిదానికీ పాఠ్యప్రణాళిక జతచేసి మా విభాగాధిపతిగారికి ఇచ్చాను. అయిదింటికి వెంటనే ఒప్పుకొన్నారు. నిర్మాణాల విశ్లేషణకు మాత్రం అక్కడ సరిసమానమైనది లేదని, దానిని ఇక్కడే రాయాలని అన్నారు. నాకు అది న్యాయంగానే తోచింది, మార్చిలో వచ్చి రాస్తాను. దాని స్థానంలో నదీ జలశాస్త్రం ప్రయోగశాల కోర్సును ఐచ్ఛికంగా చేర్చుకొన్నారు. పరీక్షల నియంత్రణాధికారిగారు గ్రేడు మార్పిడి సూత్రాన్ని చూసి, ఒక ఉదాహరణ తానే కాగితం మీద వేసి, సరిపోయిందని నిర్ధారించుకొన్నాకే సంతకం చేశారు. హాజరు తీర్మానం వచ్చే నెల అకడమిక్ కౌన్సిలు ముందుకు వెళుతుంది. ప్రిన్సిపాలుగారి సంతకం నిన్న సాయంత్రం అయింది. జర్మనీవైపు సంతకం రెండు రోజుల్లోనే మెయిలులో వచ్చేసింది, మాస్టారు చెప్పినట్టే.

గది ఉత్తరం ఇంకా రాలేదు. అది వచ్చేవరకు టిక్కెట్టు కొనము. డబ్బులో 4 లక్షలు రుణంగా అడుగుతున్నాము, మిగిలినది నాన్నగారు ఈ ఏడాది పిక్కల కొనుగోలు కొంత తగ్గించి సర్దుతానన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. వద్దులే నాన్నగారూ అన్నాను. ఆయన ఏమీ అనకుండా ఆ సంతకాల కాగితం తీసుకొని, మూడు ముద్రలనూ ఒక్కొక్కటిగా చూసి, పిక్కల బస్తాల లెక్క రాసుకొనే పద్దుల పుస్తకంలో పెట్టుకొన్నారు.


గంటస్తంభం
18 జూన్ 2025

చాలా సంతోషం అమ్మా. ఆ కాగితానికి నాలుగు ప్రతులు తీయించు. ఒకటి పరీక్షల విభాగంలో ఇచ్చి, తమకు అందినట్టు నీ ప్రతి మీద ఆవక (ఇన్‌వర్డ్) సంఖ్య వేయించుకో. మధ్యలో అక్కడ ఏ సబ్జెక్టయినా మారితే, మారిన రోజునే ఇక్కడికి రాసి కొత్త పట్టిక మీద మళ్ళీ సంతకాలు తీసుకో, వచ్చాక చూద్దామని ఆగకు. నిర్మాణాల విశ్లేషణ నోట్సు నా దగ్గర ఉన్నది, ప్రయాణానికి ముందు ఒక ఆదివారం కోట దగ్గరకు వస్తే ఇస్తాను.


పలాస_జీడితోట
19 జూన్ 2025

తప్పకుండా వస్తాను మాస్టారూ. నాన్నగారు కూడా వస్తామన్నారు. సమ్మతి పత్రం ఈ ఉదయం ఇచ్చాను.